ఆరుకీ ఏడుకీ మధ్య

అబ్బ, ఆ తలుపుని తన్నకు బావా! తన్నితే లిఫ్టు కదులుతుందా? కదిలేదే అయితే ఇరవై ఏళ్లుగా ఈ రెంచీలూ స్క్రూడ్రైవర్లూ మోసుకు తిరగడం దేనికి, నాలుగు తన్నులు తన్ని ఇంటికి పోయేవాణ్ణిగా!

ఆరో అంతస్తుకీ ఏడో అంతస్తుకీ మధ్య ఆగాం. తలుపు తీసినా ఎదురుగా గోడే. అరవకు. అరిస్తే ఆరో అంతస్తులో వాళ్లు వచ్చేస్తారు. ఇదిగో, వచ్చేశారు, విను... గీకుతున్నారు. జ్వరమొచ్చి, అయినవాళ్లని మరిచిపోయి, కనపడ్డవాళ్లనల్లా కొరుకుతున్నారే, వాళ్లే. మొన్నటిదాకా మెట్ల మీద పలకరించినవాళ్లే.

ఏంటీ, నా రిపేరు వల్లేనా? అను, అను. అక్కతో పెళ్లయిన రోజు నుంచీ 'లిఫ్టు డాక్టరు' అని నన్ను ఏడిపిస్తూనే ఉన్నావుగా. కూర్చో. చెమటలు పట్టేస్తున్నాయి నీకు. ఉక్కపోతా? సరే, ఉక్కపోతే అనుకుందాం.

తొమ్మిదో అంతస్తులో అక్కా పిల్లలూ ఎదురుచూస్తున్నారని నాకు తెలీదా? వాళ్ల కోసమేగా ఇద్దరం కిందికి దిగి గేటుకి తాళం వేసొచ్చాం. నువ్వు గొలుసు చుడుతుంటే ఊచల సందులోంచి ఎవడో నీ చెయ్యి లాగాడు. "ఏం కాలేదు, పద పద" అన్నావు. మడిచిన చొక్కా చేతులు దించేసి బొత్తాలు పెట్టుకున్నావు.

మా పనిలో ఓ పాడు అలవాటుంది బావా. లిఫ్టెక్కినవాళ్ల మొహాలు చూడం, చేతులు చూస్తాం. తలుపు సందులో వేళ్లు పెడతారేమోనని భయం. నువ్వు తొమ్మిది నొక్కుతుంటే చొక్కా చెయ్యి పైకి జరిగింది, నీ చెయ్యీ చూశాను. మణికట్టు దగ్గర పళ్లగాట్లు.

చూసి ఎందుకు చెప్పలేదంటావా? నువ్వెందుకు చెప్పలేదు?

మూడో అంతస్తు లెక్కల మాస్టారూ ఇలాగే గాటు దాచుకుని ఇంటికెళ్లారు. వాళ్లావిడ తలుపు తీసింది. పిలిచింది మొగుడాయె, తియ్యదూ? ఇప్పుడా ఇంట్లో ఎవరు మిగిలారు చెప్పు? నువ్వు పిలిస్తే అక్క తియ్యదా? చిన్నది పరుగెత్తుకొచ్చి నీ మెడకి చుట్టుకోదా?

పోనీ, ఆపుదామంటే నా వల్లవుతుందా? నువ్వేమో కొండలా ఉంటావు, నేనేమో పుల్లలా ఉంటాను. పైగా కాస్త బతిమాలితే కరిగిపోతాను. నా సంగతి నాకు తెలుసు.

అందుకే... లిఫ్టు చెడిపోలేదు బావా. నువ్వు అంతస్తుల అంకెలు చూస్తూ నిలబడితే, నీ వెనక ఈ గోడలోని కరెంటు పెట్టె తెరిచి ఫ్యూజు పీకేశాను. నా జేబులు వెతక్కు, లేదు. తలుపు సందులోంచి కిందికి వదిలేశాను. టంగుమంటే "ఏంటది?" అని అడిగావు కూడా. చేతిలో ఉంటే మళ్లీ పెట్టేస్తానని భయమేసింది. "పిల్లలు రా" అని నువ్వొక్క మాటంటే పెట్టేసేవాణ్ణి.

ఏడవకు. నాకూ ఏడుపొస్తోంది. నాకూ బతకాలనుంది బావా, చాలా ఉంది.

పిల్లల పేర్లు చెబుతూ ఉండు. గుర్తున్నంతసేపూ నువ్వు నువ్వే... ఊఁ, పెద్దదాని పేరు చెప్పావు. మరి చిన్నది? ఆలోచించు... పోనీలే, గుర్తు రాకపోతే పోనీలే.

బావ బాగు కోరేవాడు బావమరిది అంటారు. ఏం చెయ్యను చెప్పు, నీకు బావమరిదిని కాకముందే అక్కకి తమ్ముణ్ణి.