మూడో నంబరు

రైలు బొమ్మల కొట్టు. కౌంటరుకి ఇటు పక్క కుర్చీలో ఒక పెద్దావిడ, ఒళ్ళో సంచి. అటు పక్క కొట్టు యజమాని.

"సౌండు లేని డీకోడరు నాకొద్దంటుంటే మళ్ళీ అదే చేతిలో పెడతావేంటి అబ్బాయ్?"

"టైలరమ్మ గారూ, నా మాట వినండి. ఇది బుజ్జి ఇంజను. లోపల వేలు పట్టదు. డీకోడరంటే గోరంత చిప్ కాబట్టి ఎలాగో దూరుస్తాను. స్పీకరు ఎక్కడ పెట్టమంటారు, నా నెత్తినా?"

"వెనకాల పెట్టెలో పెట్టు. ఆ పెట్టె ఎప్పుడూ దాని తోకే. వైర్లు రెండూ కింద నుంచి లాగెయ్."

"లాగొచ్చు. కానీ ఎందుకండీ అంత తంటా? మామూలు డీకోడరు వేసేద్దాం. నడుస్తుంది, ఆగుతుంది, లైటు వెలుగుతుంది."

"లైటు నాకెందుకయ్యా?"

"అంటే... అది కాదండీ..."

"ఏది కాదు? పాపం కళ్ళు కనపడవుగా అని నోటిదాకా వచ్చింది కదా, అనెయ్."

"అస్సలు కనపడవని నేనన్నానా? మసకగా..."

"మసకే. అక్కడ నీ మొహం ఉందని తెలుస్తోంది, అందులో ఏముందో తెలీట్లేదు. పెద్ద నష్టమేం లేదులే. నేను తెచ్చిన ఈ పెద్దింజను సంగతి చూడు."

"దీనికైతే చిన్న డీకోడరు పనికిరాదు. పాత మోటారు, కరెంటు గటగటా తాగేస్తుంది."

"తెలుసు. చక్రాలు తిరక్కుండా గట్టిగా పట్టుకుని, అప్పుడెంత లాగుతుందో కొలిచాం. పట్టుకున్నది నేను, మీటరు చూసింది మా మనవరాలు. ఒకటిన్నర ఆంపియర్ల దాకా పోయిందంది. రెండు తట్టుకునేది ఇవ్వు."

"మరి మోటారుకీ ఇంజను ఒంటికీ..."

"సంబంధం తెంచేశాను. మధ్యలో టేపు వేశాను. లేకపోతే డీకోడరు పెట్టగానే పొగే కదా."

"టేపు మీరే వేశారా? ఎలా?"

"సూదిలోకి దారం ఎలా ఎక్కిస్తున్నానో అలాగే. వేళ్ళతో."

"అన్నీ మీరే చేసుకొచ్చారు. ఇంక నేనెందుకండీ?"

"అమ్మడానికి. దీనికి లావు కూత ఉన్నది చూడు. బుజ్జిదానికి సన్న కూత. మా పాత నల్లింజను, అదే నల్లోడిది, ఎలాగూ బొంగురు గొంతు. మూడూ ఒక్కలా కూశాయంటే నీ కొట్టు ముందే కూర్చుంటాను."

"మీకెందుకండీ ఈ డిజిటల్ గోల? హాయిగా పాత పద్ధతిలోనే ఇంట్లో ఒక్క ఇంజను పెట్టుకుని గుండ్రంగా తిప్పుకోక..."

"గుండ్రంగా! నన్నూ గుండ్రంగా తిరగమంటావా ఏంటి? పాత పద్ధతిలో పట్టాల్లోకి కరెంటు వదిలితే మీదున్నవన్నీ ఒక్కసారే పరిగెత్తేవి. ఇప్పుడు డీకోడరు ఉంటే ఎవరి నంబరు పిలిస్తే వాళ్ళే కదలాలి. అందుకని మీ రైలు బొమ్మల క్లబ్బే కదా అందరి మెడలూ వంచింది? డిజిటల్ కాని ఇంజను గడప తొక్కకూడదన్నది నువ్వే కదా?"

"అంటే ఇదంతా ఆదివారం ప్రదర్శనకేనా?"

"కాక?"

"టైలరమ్మ గారూ... క్లబ్బు తీర్మానం మీకు తెలుసుగా. మీరు రావచ్చు. ముందు వరసలో కుర్చీ వేయిస్తాం. బండ్లు నడిపే కంట్రోలరు మాత్రం మీ చేతికి..."

"ఆగాగు. ఇప్పుడు మాట్లాడుతున్నది కొట్టు అబ్బాయా, క్లబ్బు సెక్రటరీ గారా? అబ్బాయైతే డీకోడర్లు చూపించు. సెక్రటరీ గారైతే నమస్కారమండీ, తమరి తీర్మానాన్ని నేను ఖాతరు చెయ్యట్లేదండీ."

"ఎగతాళి చెయ్యకండి. పోయినసారి ప్రదర్శనలో నా కొత్త ఎక్స్‌ప్రెస్ ముక్కు పగిలింది. ముఖ్య అతిథి చేత మొట్టమొదటిసారి నడిపిద్దామని రిబ్బను కట్టి ప్లాట్‌ఫారం దగ్గర నిలబెట్టాను. మీ నల్లోడు గూడ్సు పెట్టెలన్నీ లాక్కొచ్చి ధడేల్మని గుద్దేశాడు."

"నేను గుద్దలేదు. నీదే వచ్చి నా దారికి అడ్డం పడింది."

"మళ్ళీ అదే మాట! నిలబడ్డ ఇంజను ఎలా వస్తుందండీ, కాళ్ళొచ్చాయా? దాన్ని ఎవరూ పిలవనే లేదు."

"సరే. గుద్దుకున్నదెక్కడ? ప్లాట్‌ఫారం దగ్గరా, అవతల రెండు లైన్లు కలిసే చోటా?"

"కలిసే చోటే... మీరే నెట్టుకుంటూ తీసుకుపోయి ఉంటారు."

"ఎవరు చూశారు?"

"అంటే... అందరూ ముఖ్య అతిథి వైపు..."

"అంటే కళ్ళున్నవాళ్ళు ఒక్కరూ చూడలేదు. కాబట్టి తప్పు కళ్ళు లేనిదానిది. బాగుందయ్యా న్యాయం."

"మిమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు కదండీ."

"అన్నా బాగుండేది! జాలిపడ్డారు. చేతిలో కంట్రోలరు లాక్కుని జ్యూసు గ్లాసు పెట్టారు. పోనీలెండి, పెద్దావిడ, అన్నారు. ఆ హాల్లో సగం పట్టాలు నేను వేశాను, మోకాళ్ళ మీద కూర్చుని. ఆ గ్లాసు పట్టుకుని మీ చప్పట్లు వింటుంటే నాకెంత కడుపు మండిందో తెలుసా? నాకు వినిపిస్తుందయ్యా. ఏ బండి ఎక్కడుందో, ఏ మలుపు తిరుగుతోందో చెవులతో పట్టేస్తాను. చప్పుడు లేకుండా వచ్చింది నీ ఎక్స్‌ప్రెస్ ఒక్కటే, దొంగలా."

"దాంట్లో ఉన్నదీ మంచి డీకోడరే. సౌండు లేదంతే."

"నంబరు పెట్టావా దానికి?"

"నంబర్లు పంచింది నేనే కదండీ. మీ నల్లోడికి మూడు, నా దానికి పది."

"పంచావు. ఇంజనులో పెట్టావా అని అడుగుతున్నాను."

"పెట్టానా అంటే... పెట్టే ఉంటాను. ఈ కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ నేనే చెప్తాను, కొత్త డీకోడరు ఏదైనా మూడో నంబరుతోనే వస్తుంది, మార్చకుండా పట్టాలెక్కించకండి అని. అలాంటిది నేను మర్చిపోతానా?"

"నేనేమన్నాను ఇప్పుడు? ఎక్కడుందది?"

"ఇక్కడే. మీ ముందున్న ట్రయల్ పట్టాల మీద, ఆ చివర. ముక్కు అతికించి నిన్ననే పంపారు. ఆ రోజు తర్వాత నడపడానికి నాకే మనసు రాలేదు. దాని మీద మాత్రం చెయ్యి వెయ్యకండి, మీకు దణ్ణం పెడతాను."

"నీ ఎక్స్‌ప్రెస్ నాకెందుకు? ఇదిగో, సంచిలో నల్లోడినీ తెచ్చాను. గొంతు కాస్త జీరపోయింది. ఈ చివర పెట్టి చూసుకుంటాను, కంట్రోలరు ఇటివ్వు. కొట్లో పట్టుకోవచ్చా, ఇక్కడ కూడా తీర్మానం ఉందా?"

"అయ్యో, పట్టుకోండి. మీరు చూసుకుంటూ ఉండండి, నేను స్టూలెక్కి ఆ లావు కూతది తీస్తాను. పై అరలో ఎక్కడో ఉండాలి."

"తియ్యి తియ్యి, నిదానంగా వెతుక్కో. బటన్లు నాకు తెలుసులే. మూడు. వేగం... కొంచెం చాలు. కదిలిందా?"

"ఆ, కదిలింది. చక్రాల చప్పుడు వినిపిస్తోంది."

"తిరిగి చూడకుండానే చెప్పేశావే! నీకూ చెవులు పనిచేస్తున్నాయన్నమాట."

"హహ, మీ దగ్గరే నేర్చుకోవాలి. నడక బ్రహ్మాండంగా ఉంది. కానీ జీర కాదండీ, సౌండు అసలు రావట్లేదు. స్పీకరు పోయుంటుంది."

"అవునా? కిందికి దిగి నువ్వే ఓసారి చూడు మరి."

"వస్తున్నా వస్తున్నా, ఈ డబ్బా ఒక్కటి... ఆపండి! ఆపండి, ఆపండి, అది నా ఎక్స్‌ప్రెస్! నల్లోడిని ఎక్కడ పెట్టారు? మళ్ళీ గుద్దుకుంటాయి!"

"నల్లోడు ఈ సంచిలోంచి బయటికే రాలేదు. మూడు అంటే పలికిందెవరో మీరే చెప్పండి సెక్రటరీ గారూ, మీకు కళ్ళున్నాయిగా."