మోచేత్తో చేసిన తంబిట్టు దీపం

“అవ్వా, ఈసారి గంగమ్మ జాతరకు మీ ఇంటి దీపం నువ్వే మోసినావంటనే?”

మోస్తిని. ఎవరు చెప్పిరి నీకు? సరే, కూసో. ఆ వాకిట్లో ఉండేవాళ్లనూ పిలు. వినేవాళ్లు జాస్తి ఉంటేనే నాకు మాట వచ్చేది.

నా చేతులు చూడు, వేళ్లన్నీ పక్కకు వాలిపోయినాయి. ఇది ముసలితనం నొప్పి కాదంట. ఒంట్లో ఉండే కాపలానే మన కీళ్లను శత్రువులనుకోని కొడతాందంట, చిక్కబళ్ళాపురం డాక్టరమ్మ చెప్పె. వారానికొకతూరి మాత్ర మింగుతా. ఊర్లో ఉండే పండితులకు మాత్రం ఇది వాయువు! ఒకాయన వంకాయ మానమనె, ఒకామె రాగి కడియం వేసుకోమనె. బాగేపల్లి బస్సులో ముక్కూ మొగం తెలీనోడొకడు నూనె సీసా చేతిలో పెట్టె. ఆ నూనెకు మా తలుపు కిర్రుమనేది మానింది, నా మోకాలు మానలేదు.

పొద్దున లేస్తే చేతులు బిగుసుకోని ఉంటాయి. వేడి నీళ్లలో పెట్టి పెట్టి, పది గంటలకు గాని వదలవు. తంబిట్టు దీపం తెలుసు కదా, బియ్యం పిండీ బెల్లమూ గట్టిగా పిసికి, నడుమ గుంత చేసి, నెయ్యి పోసి వెలిగించి, తలమీద పెట్టుకోని అమ్మవారి కాడికి పోయేది. ఇంటికొకటి, ఆ ఇంటి ఆడదే చేయాల. మా పెద్ద మరిది... కాదు, నడిపి మరిది పెండ్లాం వచ్చె. “అక్కా, నువ్వు పడుకో. పొద్దు పుట్టకముందే చేయాల, నీతో అయ్యేది కాదు. రెండిండ్లకూ నేనే మోస్తా” అనె. చూస్తివా? నేను బతికుండంగానే నా ఇంటి దీపం ఆయమ్మ తలమీదికి పోవాలంట! మా అత్త పోయిన కాడి నుంచీ మోస్తాండేది నేను.

“దీపాలు కదిలేది మధ్యాన్నం. పొద్దు పుట్టకముందే అని గంగమ్మ నీ చెవిలో చెప్పెనా?” అంటి.

పది దాటినాక కూసుంటి. పిండిని అరచేతి అడుగుతో అదిమితిని. గుంత చేసేకి వేళ్లు వంగలేదు. మోచెయ్యి కడుక్కోని, దాన్నే పెట్టి తిప్పితిని. ఏం గుంతమ్మా అది! నెయ్యి ఎంత పోసినా పట్టె. ఆయమ్మ చూసి బుగ్గలు నొక్కుకునె. “మోచేత్తో చేసింది అమ్మవారికి పెడతావా?”

“పోయి అమ్మవారి చేతులు లెక్కపెట్టుకో. అన్ని చేతులుండే తల్లికి లేని పట్టింపు రెండు చేతుల దానివి, నీకెందుకే?” అంటి.

ఇంగ మోసేది. నా చేతులు భుజం పైకి లేయవు. కోడలితో తలమీద పెట్టించుకోని, పట్టుకోకుండానే నడిస్తిని. వయసులో బావి కాడి నుంచి బిందెలు అట్లనే తెస్తాంటిమి, మెడ మర్చిపోలేదు. అమ్మా తల్లీ అని ఒక అడుగు, మోకాళ్లను తిట్టి ఒక అడుగు. దారి పొడుగునా జనం “పడతాది, పడతాది” అంటాండిరి. యాడ పడె? పూజారప్ప దించుకునేదాకా వెలుగుతానే ఉండె.

ఆ తర్వాత కొన్ని దినాలు గ్లాసు కూడా పట్టలేకపోతిని, అది నిజం. కోడలే తాగించె. ఆ మాట మాత్రం ఆయమ్మ చెవిన పడిందో, నీ పని చెప్తా!

పోయిరా తల్లీ. నిండా నూరేళ్లూ నీ వేళ్లు నీ మాటే వినాల.