దేశం పాకం చూసిన చెంగల్రాయుడు

ఐరాల చుట్టుపక్కల బెల్లం పాకం చూడడంలో చెంగల్రాయుణ్ణి మించినోడు లేడు. కోతలు కొయ్యడంలో అయితే ఈ భూమ్మీదే లేడు. ఆ పొద్దున తాయమ్మ తోటలో చెరుకురసం కాగే తొలి పెనం పొయ్యి మీదుంది. బావినీళ్లు చాలక సగం తన చెమట పోసి పెంచిన చెరుకు. తొలి ముద్ద కాణిపాకం వినాయకుడికని మొక్కుకుంది. అందుకే ఆమె కళ్లు పెనం మీద. పాకం చూడ్డానికి పిలిపించిన చెంగల్రాయుడి కళ్లు మాత్రం వినేవాళ్ల మీద.

"నిరుడు పాకాల టేసన్లో ఒక దొర దిగినాడప్పా. యాడికి దొరా అంటే, మీ దేశం సత్తా ఎంతుండాదో, ముందుకు ఎంతవుతాదో తేల్చి మా సర్కారుకు చెప్పాల అన్నాడు."

"తెలుగులోనా మామా?" అన్నాడు పొయ్యిలోకి చెరుకు పిప్పి తోస్తున్న ధనంజయ.

"నా మొగం సూడంగానే వచ్చేసిందిలే! దండు సూసినాడంట, ఫ్యాక్టరీలు సూసినాడంట, ఏమీ తేల్లేదంట. ముందు ఇది తిను అని పంచె మడతలోంచి బెల్లంముక్క తీసిచ్చినా. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? ఇంజను చెడి నిలబడిన కాట్పాడి బండిని ఒక్కడే చిత్తూరు దాకా తోసేసినాడు!"

"అన్నా, పాకం ముదురుతా ఉండాది..." అంది తాయమ్మ.

"ఉండు తాయమ్మా, దేశం మాట్లాడతా ఉంటే! ఆణ్ణించే వాళ్లోళ్లకు ఫోను కొట్టినాడు. ఈళ్ల జోలికి పోవద్దండి, పంచె మడతలోనే ఇంత బలముంటే గోదాముల్లో ఎంతుంటాదో అని. పొద్దుగూకేలోగా సముద్రంలో వాళ్ల యుద్ధనావలన్నీ మొగం తిప్పుకున్నాయి. ఆ తర్వాత? మన రాకెట్టోళ్లు నా కాడికొచ్చినారు. అన్నా, పైకి పోతాది గానీ నిలబడదే అన్నారు. అడుగున రెండు గంపల బెల్లం పెట్టమన్నా. యాడికి పోయిందనుకున్నారు? చంద్రుడికి గుద్దుకుని బెల్లమంతా ఆడ పడిపోయె. చంద్రుడి మీద ఆ నల్లమచ్చలేందనుకున్నారు? చీమలప్పా, చీమలు!"

"మరి ముందుకు మన దేశం ఎట్లుంటాది మామా?"

"పదేండ్లలో దొరలంతా ఐరాల సంతలో గోనెసంచులు పట్టుకుని నిలబడతారు. నేను సూసి చెప్తా ఉండా, దేశం పాకానికొచ్చేసింది. ఇంగ దించడమే!"

తాయమ్మ ఇక ఆగలేదు. గరిటెడు పాకం చెంబునీళ్లలో పోసింది. మెత్తగా ఉండ కట్టాల్సింది కాస్తా, రాయిలా బిగుసుకుని టంగుమని చెంబును మోగించింది.

"అన్నా, పదేండ్లకు అవతలిది కనపడె, చంద్రుడి మీద చీమలు కనపడె. మూరెడు దూరంలో నా పెనం కనపళ్లేదా?"

నవ్వుతూనే అందరూ ఉరికి, మంట లాగి పెనం దించారు. బెల్లం నల్లగా, గట్టిగా వచ్చింది గానీ, అదృష్టం, మాడలేదు.

"సామి తింటాడా తాయమ్మా?" నసిగాడు చెంగల్రాయుడు.

"సామికి దంతముండాది, కొరుక్కుంటాడు. నీ సంగతి సూసుకో!" అని చెంబులోని ముక్క అతని నోట్లో పెట్టింది.

పళ్లు అంటుకుపోయాయి. పొద్దుండగా చెంగల్రాయుడి నోరు మూతబడడం ఐరాల ఎన్నడూ ఎరగదు. ఆ నిశ్శబ్దానికి పొద్దుగూకిందనుకుని, ఊళ్లో కోళ్లన్నీ పట్టపగలే గంపల కిందికి దూరాయి.