గట్టి అద్దం

షెడ్డులో ఎర్ర స్పోర్ట్స్ కారు నిలబడి ఉంది. పక్కసీటు వైపు తలుపుకున్న లోపలి అట్ట విప్పి, మెకానిక్ తలుపు సందులో పడ్డ కిటికీ అద్దం పెంకులు ఏరుతున్నాడు. యజమాని చూస్తున్నాడు.

"ఎవరో రాయి విసిరారన్నారు కదా సార్. సీట్లో ఒక్క పెంకూ లేదే?"

"దులిపించాను. ఈసారి గట్టి అద్దం వెయ్యి."

"మధ్యలో పొర ఉన్న అద్దం వేస్తాను సార్. బయట నుంచి ఎంత బాదినా ఓ పట్టాన ఊడిరాదు."

"లోపల నుంచి కొడితే?"

"లోపల నుంచి ఎవరు కొడతారు సార్?"

"అడిగినదానికి చెప్పు."

"ఊడిరాదు."

"అయితే అదే వెయ్యి. లోపలి హ్యాండిల్ మాత్రం మళ్లీ బిగించకు."

"మరి పక్కన కూర్చున్నవాళ్లు దిగేదెలా సార్?"

"నేను తీస్తాలే. కాస్త త్వరగా కానివ్వు. మా ఆవిడ అలిగి పుట్టింటికి వెళ్లింది, సాయంత్రం బతిమాలి తెచ్చుకోవాలి."