సీటులో కుట్టిన తూకం రాయి

అయ్యో, ఆ బ్లేడు పక్కన పెట్టు నాయనా! ఆ సీటు కుట్టింది నేను. మంచి తోలు, కోశావంటే మళ్ళీ అతకదు. పందేనికి ముందు బండి తనిఖీ అంటే బ్రేకులు చూస్తారు, చైను చూస్తారు, చక్రం తిప్పి చూస్తారు. పుచ్చకాయ బేరమాడేవాడిలా సీటు తట్టి చూసేవాణ్ణి మాత్రం నిన్నే చూశాను.

నువ్వు నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు. మా అబ్బాయి వయసే నీది.

గట్టిగా తగిలిందా? తగలదు మరి! లోపల ఉన్నది స్పాంజి ఒక్కటే కాదు.

చెప్తాను, చెప్తాను. ముందు ఆ టైరు మీద కూర్చో. నిలబడి వింటే మనిషికి కోపం ఎక్కువొస్తుంది. మా వాడు పెట్రోలు డబ్బా కోసం వెళ్ళాడు. కోడలు హెల్మెట్ చూపించడానికి ఆ చివరి బల్ల దగ్గర వరసలో నిలబడింది. వాళ్ళొచ్చేలోగా మనిద్దరం తేల్చుకుందాం.

అది తూకం రాయి. ఇనపది, రెండు కిలోలది.

నవ్వకు నాయనా. అది మా మామగారి కొట్టులోది. ఆయన తర్వాత మా ఆయన దానితోనే తూచారు. కొట్టు పోయింది, తక్కెడ పోయింది, మా ఆయనా పోయారు, రాయి మిగిలింది. దేవుడి అలమరలో పెట్టుకున్నాను. రోజూ తుడిచి దణ్ణం పెట్టుకుంటాను. ఇంట్లో ఎవరు ఏ పని మీద బయల్దేరినా దాన్ని ఒకసారి ముట్టుకుని వెళ్ళాలి. ఉద్యోగానికి వెళ్ళినా, పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళినా సరే.

మా కోడలు ముట్టుకోదు! పందెం అంటే చాలు, హెల్మెట్ చంకన పెట్టుకుని సర్రున పోతుంది. పిలిస్తే "వచ్చాక ముట్టుకుంటా అత్తయ్యా" అంటుంది. వచ్చాక ఎందుకే తల్లీ, తిరిగొచ్చినదానికి కాపలా ఏమిటి?

అందుకని కోడలు రాయి దగ్గరికి రాకపోతే, రాయినే కోడలి దగ్గరికి పంపాను. సీటు కొత్తది కుట్టమని మా వాడు అడిగినప్పుడు వెనక ఎత్తుగా ఉండే బొడుపులో రాయి పెట్టి కుట్టేశాను. తప్పా చెప్పు?

అలా చూడకు. దేవుణ్ణి తలుచుకునే నోటితో సగం చెప్పి సగం మింగడం నాకూ ఇబ్బందిగానే ఉంది. బరువుంటే బండి నెమ్మదిగా పోతుందని కూడా అనుకున్నాను. మా ఆయన సైకిలు వెనక బియ్యం బస్తా కట్టుకుని వస్తుంటే పక్కన నడిచేవాళ్ళు దాటిపోయేవారు. అదీ నా లెక్క!

నెమ్మదించిందా? ఎక్కడ! ఊగింది.

వెనక కుంగింది, ముందు తేలిపోయింది. మలుపు దాటి రేజ్ చేసిందంటే చాలు, తలంటు పోస్తుంటే పిల్లాడు తల విదిలించినట్టు హ్యాండిల్ అటూ ఇటూ కొట్టుకునేది. ఇంక మా ఇంట్లో చూడాలి సంబరం! మా వాడికి బండి సర్దడమంటే పిచ్చి. స్క్రూడ్రైవరు చెవి వెనక పెట్టుకునే అన్నం తింటాడు. లోపమంతా ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులోనే ఉందంటాడు. ఆయిలు మార్చాడు. టైర్లో గాలి దించాడు, మళ్ళీ ఎక్కించాడు. అయినా ఊపు ఆగదు.

"నీ చేతులు బిగిసిపోతున్నాయి. హ్యాండిల్ పీక నులిమేస్తున్నావు" అన్నాడు ఒకరోజు, పెళ్ళాంతో.

మా కోడలు పశువుల డాక్టరు. ఊరుకుంటుందా? "నా చేతులు ఆవు కడుపులోకి వెళ్ళి దూడని తిప్పి తీస్తాయి. బిగిసిపోయే చేతులైతే ఆ పని జరుగుతుందా? లోపం ముందు కాదు, వెనకుంది. నేను కూర్చునేది అక్కడే, నాకు తెలీదా?" అంది.

వాడు ముందంటాడు, అది వెనకంటుంది. ఇద్దరికీ మాటలు పోయాయి. భోజనాల దగ్గర "అత్తయ్యా, మీ అబ్బాయిని ఉప్పు అందించమనండి" అంటుంది. వాడు ఎదురుగానే ఉంటాడు! "అమ్మా, ఉప్పు నీ కోడలి మోచేతి దగ్గరే ఉందని చెప్పు" అంటాడు వాడు. సీటులో రాయి పెట్టిన మహాతల్లిని నేను, నోరు మూసుకుని ఉప్పు అందిస్తూ కూర్చున్నాను.

చివరికి ఒకరోజు "అమ్మేద్దాం ఈ బండి" అంది మా కోడలు. నాకు పండగేగా మరి? బండి పోతే పందేలూ పోతాయి, నేను కోరుకున్నదీ అదే. కానీ ఆ మాట అని, చెయ్యి కడుక్కుంటానని వెళ్ళి, కుళాయి అలా వదిలేసి నిలబడిపోయింది. వెనకనుంచి భుజాలు చూశాను. అంత దిట్టమైన పిల్ల భుజాలు అలా వాలడం నేనెప్పుడూ చూడలేదు నాయనా.

దేవుడి ముందు కూర్చుని ఏదో ఒకటి చెయ్యమన్నాను. రాయి పెట్టింది నేను, చెయ్యాల్సింది ఆయనట!

ఏం జరిగిందో, మా వాడు ఆఖరిసారని పెళ్ళాం మాట విన్నాడు. వెనక స్ప్రింగు బిగించాడు. ముందు ఫోర్కు గొట్టాలు బిగింపుల్లోంచి కాస్త పైకి జరిపాడు, ముక్కు కిందికి దిగింది. అంతే! బండి గీత గీసినట్టు పోయింది. పైగా మునుపటికంటే వేగం! నెమ్మదించాలని రాయి పెడితే వేగం పెరిగింది. ఆ దేవుడికి నాతో ఎంత వేళాకోళమో చూశావా?

ఇద్దరికీ మాటలొచ్చాయి. ఉప్పు వాళ్ళే అందించుకున్నారు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. దొంగతనంగా పెట్టినదాన్ని దొంగతనంగానే తీసేద్దామని, పోయిన పందేనికి ముందు కుట్టు విప్పి రాయి తీసేశాను.

నువ్వు నుదురు కొట్టుకుంటున్నావు. నీకు తెలుసు కాబట్టి కొట్టుకుంటున్నావు. నాకేం తెలుసు, వాళ్ళు బండినంతా ఆ రాయికి తగ్గట్టు సర్దుకున్నారని!

ప్రాక్టీసులో బ్రేకు వేసిందో లేదో, వెనక లేచిపోయిందట. ఇక్కడే, ఆ పొడుగు మలుపులో హ్యాండిల్ చేతుల్లోంచి ఊడినంత పని చేసిందట. గడ్డిలోకి దూసుకుపోయి ఆగింది. పడలేదు, దేవుడి దయ. హెల్మెట్ తీస్తే పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నేను సూదీ దారం పట్టుకుని పరిగెత్తాను. "సీటు కుట్టు ఊడిందర్రా, ఇలా ఇవ్వండి" అని పక్కకు తీసుకెళ్ళి, రాయి లోపల పెట్టి కుట్టేశాను. బండి కుదురుకుంది.

టైర్లు వేడెక్కాక కుదురుకుందన్నాడు మా వాడు. కోడలు మాత్రం నా చేతిలో సూదికేసి కాసేపు చూసింది, అంతే. ఇవాళ పొద్దున బండి వ్యానులోకి ఎక్కిస్తూ "ఈసారి కుట్టు గట్టిగా ఉందిలెండి అత్తయ్యా, బెంగపడకండి" అంది. మంచి పిల్ల. నా పనితనం మీద ఎంత నమ్మకమో!

ఇదీ సంగతి. ఇప్పుడు నువ్వా రాయి పీకేశావంటే ముందూ వెనకా మళ్ళీ సర్దే టైమెక్కడుంది? ఈ ఏడాదికి ఇదే ఆఖరి పందెం. ఆ ఊగే బండి మీద అదే మలుపులోకి నా కోడల్ని పంపలేను. వెళ్ళొద్దందామంటే ఎందుకో చెప్పాలి. అందుకే బతిమాలుతున్నాను. తనిఖీ అయిందని స్టిక్కరు అంటించేసి పో నాయనా. చూడనట్టు పో.

ఏమిటీ? ఊడి ఎగిరిపడితే వెనక వచ్చేవాడి తలకి తగులుతుందా?

అయ్యో... అది నాకు తట్టనే లేదు. ఆ వెనక వచ్చేవాడి కోసం వాళ్ళమ్మా ఎక్కడో దణ్ణం పెట్టుకుంటూ ఉంటుంది కదా. తప్పే నాయనా. అది మాత్రం నిజంగా తప్పే.

బోల్టా? బోల్టు వేసి బిగిస్తే ఒప్పుకుంటారా? మరి ఆ మాట ముందే చెప్పవేం! కానీ... రాయికి చిల్లు పెట్టాలంటావు. మా మామగారు ఆ రాయిని నేల మీద పెట్టనిచ్చేవారు కాదు, అరిగి తూకం తగ్గుతుందని. దానికి డ్రిల్లు పెట్టిస్తే పైనుంచి చూసి ఏమనుకుంటారో!

పెట్టు. చిల్లుకి పోయిన తూకం బోల్టు పూడుస్తుందిలే. సీటు తిరగేసి కిందనుంచి విప్పు. నెమ్మదిగా. నా కుట్టు సన్నం, నల్లదారం, కనిపించదు.

ఆగు. ఆ నీలం దారం ఎక్కడిది?

ఇలా ఇవ్వు, నా కళ్ళజోడేదీ... ఇది నా కుట్టు కాదు. ఒక్కో కుట్టుకి ఒక్కో ముడి, కొసలు పొట్టిగా కత్తిరించి... మా కుక్క కాలు చీరుకుపోతే కోడలు కుట్టినప్పుడు ఇలాంటి ముడులే చూశాను నేను. తెరువు, పూర్తిగా తెరువు.

హవ్వ! చూశావా నాయనా? రాయికి కట్టు కట్టింది! విరిగిన కాలికి కట్టినట్టు, కదలకుండా, చుట్టూ గాజుగుడ్డ చుట్టి, స్పాంజిలో గుంట చెక్కి కూర్చోబెట్టింది. "ఈసారి కుట్టు గట్టిగా ఉంది"ట! ఎంత నంగనాచి! నేను దాన్ని ఏమారుస్తున్నానని మురిసిపోతుంటే, అది నన్ను చూసి నవ్వుకుంటోందన్నమాట.

రాయి తెచ్చి నా ముందు పడేసి అడగొచ్చు, అడగలేదు. మొగుడికి చెప్పొచ్చు, చెప్పలేదు. చిటికెన వేలితోనైనా ముట్టుకోవే అని పోరితే ముట్టుకోని పిల్ల, దానికి పసిపిల్లకి చుట్టినట్టు గుడ్డ చుట్టింది.

ఏడవడం లేదు. ఆ పెట్రోలు వాసన పడదు నాకు, అంతే.

కానివ్వు, డ్రిల్లు తెప్పించు. రెండు బోల్టులు వెయ్యి, మూడైనా వెయ్యి. మా వాడికి మాత్రం చెప్పకు. బండిని దారికి తెచ్చింది తన స్క్రూడ్రైవరేనని ఇంకా అందరికీ చెప్పుకుంటున్నాడు, పాపం.

మళ్ళీ ఆ కాగితమేమిటి? అదనపు బరువుంటే రాయాలా? రాసుకో మరి, రెండు కిలోలు. తూకంలో తేడా ఉండదు, మా మామగారిది.

కారణం కూడా రాయాలా? అత్తగారు అని రాయి నాయనా. ఎవరూ ఇంకేమీ అడగరు.