కాగితం అడుగున పెన్సిలు వాక్యం

అధ్యక్షస్థానంలో ఉన్న డైరెక్టరు గారికి, ముందు వరుసలోని పెద్దలకు, మైకు నా ఎత్తుకి దించిపెట్టిన ల్యాబు మిత్రులకు, లోపలికి రమ్మంటే "కాళ్ళకి మట్టుందమ్మా" అని తలుపు దగ్గరే ఆగిపోయిన మా నాన్నకి నమస్కారం. నాన్నా, ఇది మట్టి పరీక్షా కేంద్రం, ఇక్కడికి మట్టి లేకుండా వస్తేనే తప్పు. (నవ్వులు)

ముప్పైనాలుగేళ్ళ ఉద్యోగం ముగించుకుని ఇవాళ ఇంటికి వెళ్తున్న మా సీనియర్ టెక్నీషియన్ గారిని అందరం మట్టి మాస్టారంటాం. ఆయన మంచితనం గురించి నాకంటే ముందు మాట్లాడిన నలుగురూ చెప్పారు. ఆయన విషయంలో నేను చేసిన తప్పు నేను చెప్పాలి. మధ్యలో మానేస్తానేమోనని రాసుకొచ్చాను.

మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి మనిషిని నేనే కాబట్టి, అచ్చయిన కాగితమంటే నాకు భయం, భక్తి. నాలుగేళ్ళ కిందట ఇక్కడ చేరిన వారంలోనే గమనించాను, రైతుకిచ్చే రిపోర్టులో భాస్వరం 'ఎక్కువ' అని వచ్చిన చోటల్లా, అడుగున మాస్టారు పెన్సిలుతో ఒక వాక్యం రాస్తారు: "ఈ ఏడు భాస్వరానికి సెలవు."

"సార్, ఇది ఫారంలో లేదు కదా?" అన్నాను.

కళ్ళజోడు మీదుగా చూసి, "ఫారంలో లేదమ్మా, పొలంలో ఉంది" అన్నారు. ఆ పూట నుంచి నా పేరు 'ఫారం పిల్ల'. (నవ్వులు)

రిపోర్టుల చివరి తనిఖీ నా చేతికొచ్చాక, ఆ వాక్యాన్ని రబ్బరుతో చెరిపేసి పంపేదాన్ని. రెండేళ్ళు. చెరపమని ఎవరూ చెప్పలేదు, కాగితం శుభ్రంగా కనిపించాలని అంతే. మాస్టారికి తెలుసు. నా బల్ల మీది రబ్బరు పొట్టు ఉఫ్‌మని ఊదేసి వెళ్ళేవారు, మర్నాడు మళ్ళీ రాసేవారు.

మా నాన్న పొలం, ఊరికి తాగునీరిచ్చే చెరువుకి ఎగువన ఉంది. దాని రిపోర్టూ నేనే చెరిపి, నేనే ఇంటికి తీసుకెళ్ళి చదివాను. "భాస్వరం ఎక్కువ" అనగానే నాన్న ముఖం వెలిగిపోయింది. "ఏమేవ్, విన్నావా! పిల్లకి మార్కులొచ్చినట్టే మన పొలానికీ ఎక్కువొచ్చిందట!" అని అమ్మని కేకేశాడు. (నవ్వులు) నవ్వండి, నేనూ నవ్వాను. నాన్నా, అది మార్కు కాదు, నేల కడుపు నిండిపోయింది, ఇంకా పెడితే నీళ్ళలోకి వదిలేస్తుంది అని అప్పుడే చెప్పాల్సింది. ఆ సంతోషం చెడగొట్టలేక ఊరుకున్నాను. మార్కు తగ్గకూడదని నాన్న ఆ ఏడు ఇంకో బస్తా భాస్వరం ఎరువు చల్లాడు. మర్నాడే పెద్ద వాన.

నాన్న ఒక్కడే కాదు. డైరెక్టరు గారూ, మీరేమీ అనుకోకపోతే, మన ఆఫీసు ముందున్న లాన్‌ని మాస్టారు ఓసారి పరీక్ష చేశారు. భాస్వరం మా పొలానికి రెండింతలుంది. (నవ్వులు, డైరెక్టరు గారు కూడా) "ఈ పచ్చిక మీద కూర్చుని రైతులకి బుద్ధులు చెబుతున్నాం" అన్నారాయన.

మొన్న వేసవిలో చెరువు పచ్చబడటం మీరంతా చూశారు. ముందు ఒడ్డున నాచు, తర్వాత పెయింటు ఒంపినట్టు నీరంతా. చేపలు తేలాయి. మూడు వారాలు కుళాయిలు కట్టేశారు. గట్టు మీద నిలబడి నాన్న మెల్లగా అడిగాడు, "ఇందులో మనది ఎంతుందమ్మా?" నీళ్ళలో కలిశాక ఎవరిది ఎంతో నేను ఎలా చెప్పను?

మాస్టారి దగ్గరికెళ్ళి రబ్బరు సంగతి ఒప్పుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత, "నేను పెన్నుతో రాయాల్సిందమ్మా. పైవాళ్ళు అడిగితే చెరిపేయొచ్చని పెన్సిలు పట్టుకున్నాను. నువ్వొక్కదానివే కాదులే" అన్నారు.



సార్, ఇవాళ అందరం చల్లడం ఆపినా, చెరువు అడుగు బురదలో చేరిన భాస్వరం ఏళ్ళ తరబడి పైకి వస్తూనే ఉంటుంది. మీరు ఉద్యోగంలో ఉండగా ఆ నీళ్ళు మళ్ళీ తేటపడటం చూడలేకపోయారు. అందులో నా చేయి ఉంది. క్షమించండి.

నా కానుక చిన్నది. ఇది మా పొలం ఈ ఏటి రిపోర్టు. మళ్ళీ 'ఎక్కువే'. అడుగున మీ వాక్యం నేను పెన్నుతో రాశాను. పొద్దున చదివి వినిపిస్తే నాన్న, "సెలవంటే, పిలిచేదాకా రావద్దనేగా? ఇంత తేలిక మాట ముందే చెప్పొచ్చుగా!" అన్నాడు. మీకు చూపించాలని వెంట వచ్చాడు, అదిగో.

ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. ప్రసంగం చివర అందరూ అనే ఆ ఒక్క మాటనే నేను రెండేళ్ళు చెరుపుతూ వచ్చాను. ఇవాళ చెరపడానికి వీల్లేకుండా, నోటితో, మీ అందరి ముందూ అంటున్నాను.

సెలవు.