విమానం తలుపు తీసిన టైము

“నేనేమీ పెద్ద ఘనకార్యం చెయ్యలేదు,” అని గడియారాల మేస్త్రి గొంతు సవరించుకున్నాడంటే ఇంకో ముప్పావుగంట ఎవరూ కదలరని టీకొట్టు పిన్నికి తెలుసు. అందుకే ఎవరూ అడక్కుండానే పొయ్యి మీద ఇంకో గిన్నెడు పాలు పెట్టింది.

బెంచీ చివర కూర్చున్న టైలరమ్మకు మాత్రం అంత తీరిక లేదు. ఆమె ఒళ్లో విమాన సంస్థ పంపిన ఉత్తరం ఉంది. పోయిన నెల ఒక స్కూలు యూనిఫారాల ఆర్డరు కోసం నమూనా చొక్కాలు సర్దుకుని, జీవితంలో మొదటిసారి విమానం ఎక్కింది. ఒంటిగంటన్నరకు దిగాల్సిన విమానం కాస్తా లేటయింది. పడుతూ లేస్తూ స్కూలు చేరేసరికి ఆఫీసు గదికి తాళం, ఆర్డరు ఇంకెవరికో పోయింది. పరిహారం ఇమ్మని అడిగితే వచ్చిన జవాబు ఇది: మూడు గంటలు దాటితేనే డబ్బు, మీ విమానం చక్రాలు నేలను తాకింది నాలుగూ ఇరవై ఏడుకి, అంటే ఆలస్యం రెండు గంటల యాభై ఏడు నిమిషాలే, అయినా మా మంచితనం కొద్దీ వచ్చే ప్రయాణానికి డిస్కౌంటు కూపను ఇస్తాం, ఇక ఏమీ అడగనని సంతకం పెట్టి ఈ సాయంత్రం ఐదులోగా పంపండి.

ఆ డబ్బు వస్తే బట్ట అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను కొనాలనుకుంది. కూపనుతో ఏం కుట్టుకోను అని గొణుక్కుంటూనే పెన్ను మూత తీసింది.

“ఆగు చెల్లెమ్మా!” అన్నాడు మేస్త్రి. “నాకూ సరిగ్గా ఇలాంటి ఉత్తరమే ఇచ్చారు, పది నిమిషాలు తక్కువన్నారు, నేనేమన్నానో తెలుసా? అయ్యా, చక్రాలు నేలకి తగిలితే నేను వచ్చినట్టా, తలుపు తీస్తే వచ్చినట్టా, లోపల కూర్చున్నవాడు ఇంకా మీ డబ్బాలోనే కదా ఉన్నాడు అన్నాను. మెట్లబండి రావడానికి పావుగంట పట్టింది. కలిపి చూడండి అన్నాను. కౌంటర్లో అమ్మాయి వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. డబ్బు చేతిలో పెట్టారు. అంతే.”

“అంతేనా?” అన్నాడు ప్లంబరు, పైపు రెంచి పక్కన పెట్టి. అలా అడగకుండా ఉండాల్సింది.

“అంతే అంటే అంతేనా మరి? ఆ అమ్మాయి వెళ్లి సూపర్‌వైజరుని పిలిచింది, ఆయన వెళ్లి మేనేజరుని, ఆయన వెళ్లి పైలట్‌నే పట్టుకొచ్చాడు. పైలట్ టోపీ చంకలో పెట్టుకుని, మేస్త్రిగారూ, తప్పు నాది కాదు, నా గడియారానిది అన్నాడు. ఏదీ ఇలా తే అన్నాను. చూద్దును కదా, గడియారాలన్నీ తప్పే! ఎయిర్‌పోర్టులో నాలుగువందల పన్నెండు గడియారాలు, ఒక్కటి ఇంకోదానితో మాట్లాడుకోవట్లేదు. నిచ్చెన అడిగాను. ఆర్డరిచ్చిన టీ చల్లారేలోపు అన్నీ విప్పి, తుడిచి, బిగించి దిగాను.”

“నా గోడ గడియారం ఎనిమిది నెలల నుంచీ నీ దగ్గరే ఉంది కదయ్యా,” అంది పిన్ని.

“నీది సున్నితమైన జబ్బు పిన్నీ, తొందరపడకూడదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వెనక్కి తిరిగి చూస్తే నలభైవేలమంది ప్రయాణికులు వరసలో నిలబడ్డారు. మాకూ రాసిపెట్టండి బాబూ అంటారు. సరే, కుడిచేత్తో గడియారాలు, ఎడమచేత్తో దరఖాస్తులు...”

“ఇప్పుడేగా గడియారాలన్నీ బిగించేశానన్నావు?” అన్నాడు ప్లంబరు.

“చేతి గడియారాలు! ప్రయాణికుల చేతి గడియారాలు! మధ్యలో అడ్డు రాకు. పెన్నులో ఇంకు అయిపోతే విమానం ట్యాంకులోంచి ఇంత పోయించుకున్నాను. అక్షరాలు కాగితం మీద నిలవకుండా పైకి లేస్తున్నాయి, పేపర్‌వెయిటు పెట్టి రాశాను. చివరికి సంస్థవాళ్ల గల్లాపెట్టె ఖాళీ. మేస్త్రిగారూ, మీకు ఇవ్వడానికి ఇంకేమీ లేదు, ఒక విమానం తీసుకుపోండి అన్నారు.”

“తీసుకున్నావా?”

“కాదంటే బాగుండదు కదా. తెచ్చి మన సందులోనే పెట్టాను. రెండు రోజులు.”

“ఈ సందులో నా బండే పట్టదు,” అన్నాడు ప్లంబరు. “తోక ఎక్కడ పెట్టావు?”

“మలుపు తిప్పి పెట్టాను. రెక్కలు రెండూ మడిచి మేడల మధ్య ఇరికించాను. మీరెవరూ చూడలేదంటే నేనేం చేసేది, మీరు పైకి చూసి ఎన్నాళ్లయింది? పక్షులు గూళ్లు పెడుతున్నాయని జాలేసి నేనే తిరిగి ఇచ్చేశాను. ఇప్పటికీ ఏ విమానం లేవాలన్నా ముందు నాకు ఫోను చేసి, మేస్త్రిగారూ టైమెంత అని...”

“ఏమండీ, ఆ విమానంలో మీ సీటు నంబరెంత?”

మేస్త్రి భార్య. ఆసుపత్రి ల్యాబులో పని ముగించుకుని, ఇంటి తాళంచెవి కోసం వచ్చి ఎంతసేపయిందో, అతని వెనకే చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

“పన్నెండు... కిటికీ పక్కన,” అన్నాడు మేస్త్రి.

“అది నా సీటు. ట్రైనింగు నుంచి వస్తున్నది నేను. మీరు నన్ను తీసుకెళ్లడానికి వచ్చి పార్కింగులో కార్లో నిద్రపోయారు. అద్దం మీద కొట్టీ కొట్టీ నా వేళ్లు వాచాయి.”

ప్లంబరు టీ ముక్కులోంచి వచ్చింది. పిన్ని స్టవ్ తగ్గించి మరీ నవ్వింది.

“ఒకే ఇంటి మనుషులం, నువ్వెక్కితే ఏంటి, నేనెక్కితే ఏంటి,” అన్నాడు మేస్త్రి.

టైలరమ్మకు నవ్వు రాలేదు. పెన్ను ఇంకా చేతిలోనే ఉంది. “వదినా, ఆ తలుపు సంగతి కూడా కోతేనా?”

“ఆయన చెప్పినదాంట్లో అదొక్కటే నిజం. చేరిన టైమంటే తలుపు తీసిన టైము. వాళ్ల నిబంధనల కాగితం వెనకవైపే ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో. కాకపోతే నాకు చేతిలో ఎవరూ పెట్టలేదు. రెండుసార్లు కాదన్నారు. మూడో ఉత్తరానికి ఇచ్చారు. పదకొండు వారాలు పట్టింది.”

“అంటే చొక్కా పొడుగు మెడ నుంచి అంచుదాకా తియ్యాల్సింది, వీళ్లు నడుం దగ్గరే టేపు ఆపేశారన్నమాట!” టైలరమ్మ ఉత్తరాన్ని ఒళ్లోంచి తీసి బెంచీ మీద పరిచింది. ఇరవై ఏళ్లుగా టేపు పట్టుకున్న మనిషి, ఇది ముందే తట్టనందుకు తనమీద తనకే కోపం వచ్చింది. “కానీ తలుపు ఎప్పుడు తీశారో నేను రాసుకోలేదే.”

“దిగేటప్పుడు ఎవరికైనా ఫోను చేశావా? మెసేజి పెట్టావా?”

ఫోను తీసింది. తొందరలో రెండుసార్లు వేరేవాళ్ల పేరు నొక్కింది. చివరికి అక్క పేరు దొరికింది. ‘తలుపు తీశారక్కా, దిగుతున్నా.’ కింద చిన్న అంకెలు. నాలుగూ ముప్పై నాలుగు.

“మూడు గంటల నాలుగు నిమిషాలు,” అన్నాడు మేస్త్రి వెంటనే. ఈసారి గొంతు సవరించుకోలేదు.

“సంతకం పెట్టకు,” అంది వదిన, పక్కన కూర్చుంటూ. “ఈ మెసేజి ఫోటో జతచెయ్యి. మీ రికార్డులో తలుపు తీసిన టైము చూపించండి అని అడుగు. మొదటిసారి కాదంటారు. మళ్లీ రాద్దాం.”

టైలరమ్మ కాగితం తిప్పి వెనకవైపు రాయడం మొదలుపెట్టింది. ప్లంబరు ఆమె భుజం మీదుగా తొంగిచూశాడు.

“నాలుగు నిమిషాలేంటి, బొత్తిగా పీనాసితనం! నలభై అని పడెయ్యి మేస్త్రీ, నోరు నీదేగా.”

మేస్త్రి నొచ్చుకున్నట్టు చూశాడు. “విమానమైతే సందులో పెడతాను గానీ, టైము విషయంలో నేను ఒక్క నిమిషం కూడా కలపనయ్యా. నాలుగే రాసుకో చెల్లెమ్మా. చాలు.”

ఆమె నాలుగే రాసింది.